అచ్చుకాని సింఫనీలు: కాల్పనిక యుగ సంగీత చరిత్రలో ఒక పునఃపరిశీలన

కాలం కన్న గొప్ప విమర్శకుడు లేడని చరిత్రకారులు తరుచు అంటూ వుంటారు. మంచిది నిలుస్తుంది, చెడ్డది నశిస్తుంది. నిలిచినదంతా నిలవదగినదే, నశించినదంతా నశించదగినదే – ఇదీ ఆ వాదం. చూడటానికి ఎంతో నిష్పాక్షికంగా కనబడే ఈ మాటలో ఒక పెద్ద మోసం వున్నది. కాలానికి చేతులు లేవు. అది ఒక గ్రంథాన్ని అచ్చు వేయదు, మరొకదాన్ని అటక మీద పారవేయదు. ఆ పనులు చేసేది మనుషులు. మనుషులు నడిపే అచ్చాఫీసులు, విద్యాలయాలు, సభాభవనాలు, వాటికి డబ్బు పెట్టేవాళ్ళు, పెట్టనివాళ్ళు – వీరందరూ కలిసి చేసిన పనికి మనం 'కాలం' అని పేరు పెట్టి చేతులు కడుక్కుంటున్నాం. సాహిత్యంలో ఈ సంగతి మనకు కొత్త కాదు. కాని సంగీతంలో దీన్ని చెవులారా విని తెలుసుకునే అవకాశం గడచిన నలభై సంవత్సరాలలో ఏర్పడింది.

పందొమ్మిదవ శతాబ్దపు యూరప్ సంగీతాన్ని కాల్పనిక యుగ సంగీతం, రొమాంటిక్ సంగీతం అని వ్యవహరిస్తారు. ఆ యుగం పేరెత్తగానే షూబర్ట్, షూమన్, షోపాన్, మెండెల్సన్, లిస్ట్, వాగ్నర్, బ్రాహ్మ్స్, చైకోవ్‌స్కీ అంటూ ఒక పది పదిహేను పేర్లు వరసగా వస్తాయి. పాఠ్యగ్రంథాలలో వుండేవి ఆ పేర్లే, కచేరీ భవనాల గోడల మీద చెక్కినవీ ఆ పేర్లే. ఐతే 1980 తరువాత ఈ జాబితాలో చోటు దొరకని రచయితల సింఫనీలు, పియానో రచనలు, చిన్న వాద్యగోష్ఠుల కోసం రాసిన కృతులు ఒకటొకటిగా రికార్డులకు ఎక్కడం మొదలుపెట్టాయి. వాటిని వింటున్నకొద్దీ మనకు కలిగే ప్రశ్న ఒకటే: ఇంతకాలం ఇవి ఎందుకు వినబడలేదు? బాగాలేక వినబడలేదా, వినబడక బాగాలేవనుకున్నామా?

దీనికి జవాబు వెతకాలంటే సింఫనీ అనేది ఏ విధంగా బతుకుతుందో ముందు చూడాలి. త్యాగరాజస్వామి 1847 జనవరి 6న తిరువయ్యారులో కన్నుమూశాడు. ఆయన కృతులు అచ్చాఫీసు దయ మీద ఆధారపడలేదు. వాలాజాపేటలోను, ఉమయాల్పురంలోను, తిల్లస్థానంలోను శిష్యులు వాటిని కంఠస్థం చేశారు, తమ శిష్యులకు చెప్పారు. ఒక కంఠము, ఒక తంబురా వుంటే కృతికి ఆయువు దొరుకుతుంది. సింఫనీకి అట్లా దొరకదు. అది నలభై యాభై మంది ఒక్కసారిగా వాయించవలసినది. ఎవరెవరు ఏ క్షణాన ఏ స్వరం పలికించాలో రచయిత పూర్తిగా కాగితం మీద రాసి పెట్టాలి. ఆ పెద్ద ప్రతి నుంచి ఒక్కొక్క వాద్యగాడికి కావలసిన భాగాన్ని విడివిడిగా నకలు తీయించాలి. నకలు తీసేవాడికి కూలి ఇవ్వాలి. వాద్యగాళ్ళను సమకూర్చాలి, రిహార్సళ్ళు జరిపించాలి, భవనం దొరకాలి, జనం రావాలి. ఇవన్నీ ఒక్కసారి జరిగినంత మాత్రాన చాలదు. వ్రాతప్రతి ఒక్కటే వుంటే ఆ వూరి పొలిమేర దాటడం కష్టం. అచ్చయితేనే రెండవ వూరికి పోతుంది. ఒక్క మాటలో చెప్పాలంటే సింఫనీ ఒక కళారూపమే కాదు, ఒక పరిశ్రమ కూడా. పెట్టుబడి లేకుండా అది నోరు విప్పదు.

త్యాగరాజు మరణించిన ఆ 1847లోనే పారిస్‌లో లూయీజ్ ఫరాంక్ అనే సంగీత రచయిత్రి తన మూడవ సింఫనీ రాసింది. ఆమె చరిత్రను కొంచెం వివరంగా చూద్దాం.

ఆమె 1804 మే 31న పారిస్‌లో పుట్టింది. పుట్టింటి పేరు ద్యుమోఁ. అది తరతరాలుగా శిల్పుల కుటుంబం. ఆమె బాల్యం సోర్బాన్‌లో కళాకారుల కోసం కేటాయించిన నివాసాలలో గడిచింది. అన్న ఓగుస్త్ ద్యుమోఁ గొప్ప శిల్పి అయినాడు. పారిస్‌లో బాస్తీయ్ చౌకులో, 1830 జులై తిరుగుబాటులో మరణించినవారి జ్ఞాపకార్థం నిలిపిన స్తంభం మీద, సంకెలలు తెంచుకుని ఎగరబోతున్న స్వేచ్ఛామూర్తి బంగారు విగ్రహం ఒకటి వున్నది. దాన్ని మలిచింది అతడే. 1840లో ఆ స్తంభాన్ని ఆవిష్కరించారు. ఆ సందర్భానికి సంగీతం సమకూర్చమని ప్రభుత్వం బెర్లియోజ్‌ను అడిగింది. అన్నగారి విగ్రహం నేటికీ ఆకాశంలోనే వున్నది. చెల్లెలి సింఫనీలు మాత్రం నూట యాభై ఏళ్ళపాటు గ్రంథాలయపు అరలలో వున్నాయి.

అన్నకు, చెల్లెలికి ప్రతిభలో తేడా వుండి ఇట్లా జరిగిందనుకుంటే ఆమె విద్యాభ్యాసం నుంచే చూడవలసి వస్తుంది. పారిస్‌లోని ప్రభుత్వ సంగీత కళాశాల, అంటే కన్సర్వత్వార్, ఆడపిల్లలకు పియానో నేర్పేది. రచనా విధానం నేర్పే తరగతులలోకి మాత్రం వారికి ప్రవేశం లేదు. అందుచేత పదిహేనవ ఏట ఆమె ఆ కళాశాల ఆచార్యుడైన ఆంతోన్ రైఖా వద్ద ఇంటి దగ్గరే ప్రత్యేకంగా చదువుకున్నది. అట్లా చెప్పించుకోగల స్తోమత ఆ ఇంటికి వున్నది గనుక చదివింది. లేని ఇళ్ళ పిల్లల సంగతి ఏ రికార్డు కంపెనీ కూడా ఇప్పుడు వెతికి తీయలేదు. 1821లో ఆమె అరిస్తీద్ ఫరాంక్ అనే వేణువాదకుణ్ణి వివాహమాడింది. అతడు సంగీత ప్రచురణ సంస్థ పెట్టాడు. ఇది ఆమెకు కలిసి వచ్చిన విషయం. ఆమె పియానో రచనలు భర్త ప్రచురణాలయం నుంచే వచ్చాయి. వాటిలో ఒకదాన్ని 1836లో షూమన్ తన పత్రికలో మెచ్చుకున్నాడు. 1838లో ఆమె రాసిన ముప్పై అభ్యాస రచనలను 1845లో కన్సర్వత్వార్ తన పియానో తరగతులకు పాఠ్యంగా స్వీకరించింది.

1842లో ఆమెకు అదే కళాశాలలో పియానో ఆచార్య పదవి లభించింది. ముప్పై సంవత్సరాలు, 1872 వరకు, ఆ ఉద్యోగం చేసింది. ఆమె తరగతిలో ఆడపిల్లలే వుండేవారు. మగపిల్లలకు మగ ఆచార్యులు వేరు. జీతాలు కూడా వేరు. అదే కాలంలో అదే పని చేస్తున్న మగ ఆచార్యుల కన్న ఆమెకు తక్కువ జీతం ఇచ్చేవారు. ఎనిమిదేళ్ళు ఆ తక్కువ జీతానికే పని చేసింది. 1850లో ఆమె రాసిన నోనెట్, అంటే తొమ్మిది వాద్యాల కోసం రాసిన కృతి, పారిస్‌లో ప్రదర్శితమైంది. వయొలిన్ వాయించినవాడు యోసెఫ్ యోఆఖిమ్. అప్పటికి అతడికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు, తరువాత ఆ శతాబ్దపు మహావాదకులలో ఒకడయ్యాడు. కచేరీ దిగ్విజయం పొందింది. ఆ వేడి చల్లారకముందే ఆమె కళాశాల అధిపతి ఓబేర్‌కు ఉత్తరం రాసి, మగవారితో సమానంగా జీతం ఇవ్వవలసిందని అడిగింది. ఇచ్చారు. సమాన పనికి సమాన వేతనం కోసం మన ఉపాధ్యాయ సంఘాలు చేసిన పోరాటాలు తెలిసిన పాఠకులు ఒక్క విషయం గమనించాలి. ఆమె వాదం ఎనిమిదేళ్ళ నుంచీ న్యాయమైనదే. న్యాయం అంతకాలం చేయలేని పనిని ఒక సాయంత్రపు చప్పట్లు చేశాయి. చప్పట్లు పడని సామాన్య ఉపాధ్యాయిని అడిగివుంటే ఏమయ్యేదో వూహించుకోవచ్చును.

సింఫనీల విషయంలో మాత్రం చప్పట్లు కూడా ఆమెకు పనికిరాలేదు. ఆమె మూడు సింఫనీలు రాసింది. మొదటిది 1841-42 ప్రాంతాలది; 1845లో, అదీ పారిస్‌లో కాదు, బ్రసెల్స్ నగరంలో మొదటిసారి వినబడింది. రెండవది 1845లో రాసింది, మరుసటి సంవత్సరం పారిస్‌లో వాయించారు. ఆనాటి పారిస్ సంగీత వ్యాపారం ఏ విధంగా నడిచేదో తెలిస్తే ఈ ఆలస్యాలు అర్థమౌతాయి. 1830 తిరుగుబాటు ఫలాన్ని చేజిక్కించుకున్న బ్యాంకు యజమానుల రాజ్యమది. వారికి సంగీతమంటే ఓపెరా. డబ్బు, కీర్తి, పత్రికల గోల అంతా ఓపెరా చుట్టూ తిరిగేది. సింఫనీలు వాయించే ప్రధాన సంస్థ కన్సర్వత్వార్ కచేరీల సంఘం. 1828లో స్థాపించిన ఆ సంఘం బీథోవెన్‌ను ఫ్రాన్సుకు పరిచయం చేసిన గొప్ప సంస్థ. అందులో సందేహం లేదు. కాని చందాదారులకు బీథోవెన్ అలవాటయిన తరువాత బీథోవెనే కావలసి వచ్చాడు. బతికి వున్న ఫ్రెంచి రచయిత అక్కడ కాలు పెట్టడం గగనమైపోయింది. మగ రచయితలకే దొరకని చోటు అది.

ఐనా ఆమెకు ఒకసారి దొరికింది. 1848 జూన్‌లో పారిస్ కార్మికుల తిరుగుబాటును సైన్యం నెత్తురుటేరులలో ముంచింది. ఆ తరువాత పది నెలలకు, 1849 ఏప్రిల్‌లో, ఆ సంఘం ఆమె మూడవ సింఫనీని వాయించింది. అదే కచేరీలో బీథోవెన్ అయిదవ సింఫనీ కూడా వాయించారు. జనం ఏది విన్నారో, ఏది కనిపెట్టుకుని కూర్చున్నారో చెప్పనక్కరలేదు.

ఈ మూడవ సింఫనీని ఇప్పుడు మనం వినవచ్చును. ఒంటరిగా ఒక ఓబో, అంటే సన్నాయి జాతి వాద్యం, సన్నగా ఒక పలుకు పలుకుతుంది. వెనుక ఎవరూ లేరు. తరువాత మిగిలిన వాద్యాలు సందేహిస్తున్నట్లు ఒకటొకటిగా చేరుతాయి. అంతలో తంత్రీవాద్యాలు వేగం అందుకుంటాయి. రెండవ భాగంలో క్లారినెట్ ఒక దీర్ఘమైన పాటను ఎత్తుకుంటుంది. దానికి ఆధారంగా మంద్రస్థాయిలో కొమ్ములు, గాలివాద్యాలు, నెమ్మదిగా మోగే భేరీలు. ఆ చోటు నాకు ఎన్నిసార్లు విన్నా తనివి తీరదు. చివరి భాగం తంత్రీవాద్యాలన్నీ ఒకే గొంతుతో గర్జించడంతో మొదలై చివరిదాకా మెత్తబడకుండా పోతుంది. ఇందులో బీథోవెన్ ఛాయలు వున్నాయి, మెండెల్సన్ జాడలూ వున్నాయి. ఆ కాలాన ఎవరి సింఫనీలో లేవు గనుక? ఇది బీథోవెన్ అయిదవ సింఫనీతో సమానమని నేను అనను. అంటే అది మరొక రకం అబద్ధం. కాని నేడు ప్రపంచమంతటా ఏటేటా వాయిస్తున్న కాల్పనిక యుగ సింఫనీలలో చాలావాటి పక్కన ఇది నిలబడుతుంది, కొన్నిటి కన్న ముందు నిలబడుతుంది.

మరి ఎందుకు పోయింది? ఆమె జీవిత కథ చెప్పేవారు మామూలుగా ఒక కారణం చెబుతారు. ఆమె ఏకైక కుమార్తె విక్తొరీన్ కూడా పియానో విద్వాంసురాలు. 1859లో, ముప్పై మూడేళ్ళు నిండకుండానే, ఆ కుమార్తె చనిపోయింది. ఆ శోకంతో తల్లి రచన మానివేసింది అంటారు. కథగా ఇది హృదయవిదారకమే. ఆమె ఆ తరువాత దాదాపుగా ఏమీ రాయలేదన్నదీ నిజమే. కాని సింఫనీల సంగతికి ఇది జవాబు కాదు. ఆమె చివరి సింఫనీ 1847 నాటిది. కుమార్తె మరణానికి పన్నెండేళ్ళ ముందే ఆమె సింఫనీ రాయడం మానుకున్నది! ఆ పన్నెండేళ్ళలో వూరుకున్నదా అంటే అదీ లేదు. నోనెట్, ఆరు వాద్యాల కృతి, త్రయాలు, చెల్లో సొనాటా – వరసగా రాసింది. ముగ్గురు నలుగురు కలిస్తే వాయించగలవి, ఇళ్ళలో కొనుక్కుని వాయించుకునేవి, అంచేత ప్రచురణకర్త అచ్చు వేయడానికి వెనుదీయనివి. యాభై మంది కావలసిన రచనను వదిలి అయిదుగురితో అయ్యే రచనకు ఆమె మళ్ళింది. దీన్ని శోకం అనరు, లెక్క అంటారు. పెద్ద వాద్యబృందం కోసం రాసేవారికి ఆ వనరులు సమకూర్చుకోవడం ఎంత దుర్ఘటమో, ఆమె గురించి రాస్తూ ఆ కాలపు సంగీత నిఘంటుకారుడు ఫేతిస్ అప్పుడే గుర్తించాడు. ఆడమనిషి కష్టాన్ని కన్నీళ్ళతో వివరించడం చరిత్రకారులకు ఎప్పుడూ సులభంగానే వుంటుంది. అచ్చుకూలి లెక్కలతో వివరించడమే కష్టం.

ఆమె సింఫనీ ఒక్కటి కూడా ఆమె బతికి వుండగా అచ్చుకాలేదు. 1861లోను, 1869లోను ఫ్రెంచి విద్వత్పరిషత్తు ఆమెకు షార్తియే బహుమానం ఇచ్చింది. అదీ చిన్న వాద్యగోష్ఠుల రచనలకే. 1875 సెప్టెంబరు 15న ఆమె మరణించేనాటికి ప్రష్యాతో యుద్ధం, కమ్యూను, కొత్త సంగీత సంఘాలు, వాగ్నర్ గాలి – పారిస్ మారిపోయింది. వ్రాతప్రతులు జాతీయ గ్రంథాలయం చేరాయి.

ఇక్కడ మన పాఠకులలో కొందరికి ఒక సందేహం రావచ్చును. 'అచ్చుకాలేదంటే అర్థం, ఎవరికీ అక్కరలేదనే కదా? అక్కరలేనిదాన్ని ఇప్పుడు తవ్వడం దేనికి?' దీనికి ఒక ఉదాహరణ చెబుతాను. ఆమె మొదటి సింఫనీ చంకలో పెట్టుకుని వాయించేవాళ్ళ కోసం చూస్తున్న రోజులలో, అదే పారిస్‌లో, ఇరవై ఆరేళ్ళ ఒక జర్మన్ యువకుడు కూర్చుని పరాయీకరణ గురించి నోటు పుస్తకాలు నింపుతున్నాడు. అది 1844. మార్క్స్ రాసిన ఆ వ్రాతప్రతులు 1932 దాకా పూర్తిగా అచ్చుకాలేదు. ఎనభై ఎనిమిది సంవత్సరాలు! అవి వెలుగు చూడడానికి కూడా పాఠాలను పరిష్కరించే పండితులు, వారిని పోషించే ఒక సంస్థ, ఆ సంస్థను నడిపే ఒక ప్రభుత్వం కావలసి వచ్చాయి. ఎనభై ఎనిమిదేళ్ళు అచ్చుకాలేదు గనుక అది పసలేని రచన అని మనలో ఎవరైనా అంటారా? అనము. ఆ న్యాయమే ఇక్కడ కూడా వర్తింపజేయమని అడుగుతున్నాను.

ఐతే ఉపేక్ష అన్ని చోట్లా ఒకే రూపంలో వుండదు. ఫానీ హెన్సెల్ సంగతి ఫరాంక్ సంగతికి దాదాపు తలకిందులు. ఆమె మెండెల్సన్‌కు అక్క. బెర్లిన్‌లో బ్యాంకు యజమాని ఇల్లు. డబ్బుకు కొదవ లేదు, వాద్యగాళ్ళను ఇంటికే పిలిపించుకోగలరు. కాని తమ్ముడికి సంగీతం వృత్తి కావచ్చు గాని నీకు అది అలంకారంగానే వుండాలని ఆమె పదిహేనవ ఏటనే తండ్రి ఉత్తరంలో తేల్చి చెప్పాడు. ఉన్నత కుటుంబపు ఆడపిల్ల డబ్బు కోసం పనిచేయడం ఆ వర్గానికి తలవంపు. ఆమె పాటలు ఆరు తమ్ముడి పేరుతో, తమ్ముడి సంపుటాలలో అచ్చయినాయి. 1842లో విక్టోరియా రాణి మెండెల్సన్ ఎదుట తనకు ఇష్టమైన పాట ఒకటి పాడితే, అది తన అక్క రాసిందని అతడు ఒప్పుకోవలసి వచ్చింది. 1846లో ఆమె ఎట్టకేలకు సొంత పేరుతో ప్రచురణ మొదలుపెట్టింది. 1847 మేలో హఠాత్తుగా మరణించింది. 1828లో ఆమె రాసిన ఈస్టరు సొనాటా వ్రాతప్రతి 1970లో పారిస్‌లో ఒక పుస్తకాల అంగడిలో బయటపడింది. 1972లో రికార్డు కూడా చేశారు – తమ్ముడి పేరుతో! 2010లో ఏంజెలా మేస్ అనే అమెరికన్ పరిశోధకురాలు ఆ వ్రాతప్రతిని స్వయంగా చూసి, చేతివ్రాతను బట్టి, పుటల అంకెలను బట్టి అది ఫానీదేనని నిరూపించింది. రికార్డు అనేది దానంతట అదే న్యాయం చేయదనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు. పండితుడి కన్ను ముందు నడవాలి. లేకపోతే యంత్రం పాత అన్యాయాన్నే కొత్తగా ముద్రిస్తుంది.

ఎమీలీ మాయర్ మూడవ రకం. 1812లో ఉత్తర జర్మనీలో ఒక మందుల వ్యాపారికి పుట్టింది. 1840లో తండ్రి చనిపోయిన తరువాత ఆస్తి చేతికి వచ్చింది, పెళ్ళి చేసుకోలేదు. ఆ స్వాతంత్ర్యంతో ఎనిమిది సింఫనీలు రాసింది, బెర్లిన్‌లో తన రచనలతోనే కచేరీ ఏర్పాటు చేసింది. వాటిలో నాలుగవ సింఫనీ పూర్తి ప్రతి పోయింది. ఇద్దరు ఒకే పియానో మీద వాయించుకోవడానికి చేసిన సంగ్రహ ప్రతి మాత్రం మిగిలింది. ఈ కాలంలో స్టెఫాన్ మాల్ట్‌సెవ్ దాన్ని మళ్ళీ వాద్యబృందానికి విస్తరించి రాసి, స్వయంగా నడిపించి రికార్డు చేయించాడు.

స్త్రీలకు మాత్రమే ఈ గతి పట్టిందనుకుంటే పొరపాటు. యోఆఖిమ్ రాఫ్ అనే స్విస్ రచయిత వున్నాడు. బడిపంతులు కొడుకు. కొంతకాలం లిస్ట్ దగ్గర సహాయకుడుగా పనిచేశాడు. పదకొండు సింఫనీలు రాశాడు, అన్నీ అచ్చయినాయి. 1870లలో జర్మనీలో విరివిగా వాయించిన సింఫనీలలో అతడివి వున్నాయి. 1882లో చనిపోయాడు. ఒక తరం తిరిగేసరికి కచేరీలలో అతడి పేరు లేదు. అంటే అచ్చు కూడా చాలదన్నమాట. కలంతో పొట్టపోసుకున్నవాడు గనుక ప్రచురణకర్త అడిగినవన్నీ రాశాడు; రెండు వందలకు పైగా సంఖ్యలు వేసిన రచనలు. నిజం చెప్పాలంటే వాటిలో చాలా భాగం వాగాడంబరమే. పదకొండు సింఫనీలలో అడవి పేరు పెట్టిన మూడవదీ, లెనోర్ అనే అయిదవదీ వింటే మిగిలినవి వినకపోయినా పెద్ద నష్టం లేదని నా అభిప్రాయం. కాని ఆ రెండింటినీ కూడా కలిపి పాతిపెట్టడమే చరిత్ర చేసిన అన్యాయం.

ఇవన్నీ తిరిగి ఏ విధంగా వెలికివచ్చాయి? 1980లో బీ ఫ్రీడ్‌లాండ్ అనే అమెరికన్ పండితురాలు ఫరాంక్ మీద మొదటి సమగ్ర గ్రంథం ప్రచురించింది. తరువాత జర్మనీలో ఓల్డెన్‌బుర్గ్ విశ్వవిద్యాలయపు పండితురాళ్ళు కొందరు కలిసి పారిస్ వ్రాతప్రతులను పరిష్కరించి, శతాబ్దపు అంతానికి సింఫనీలను అచ్చు వేయించారు. హానోవర్‌లోని ఉత్తర జర్మన్ రేడియో వాద్యబృందం వాటిని సీపీఓ అనే జర్మన్ కంపెనీ కోసం రికార్డు చేసింది. రేడియో బృందం కాబట్టి వాద్యగాళ్ళకు జీతం ప్రజలు కట్టే రేడియో రుసుము నుంచి వస్తుంది. కంపెనీ మోయవలసిన భారం అంతమేరకు తగ్గుతుంది. ఇటీవల ఫ్రాన్సులోనే లారాన్స్ ఎకిల్బే అనే వాద్యబృంద నిర్దేశకురాలు 2012లో తాను స్థాపించిన ఇన్సులా బృందంతో, ఆ కాలపు వాద్యాల మీద ఈ సింఫనీలను వాయించింది. 2021 నుంచి అవి రికార్డులుగా వచ్చాయి. ఆ బృందాన్ని పోషించేది కూడా స్థానిక ప్రభుత్వమే. విశ్వవిద్యాలయం, రేడియో, జిల్లా పాలన – ఈ మూడింటిలో ఏదీ లాభం కోసం పెట్టినది కాదు. 'విపణి మరిచిపోయినదాన్ని విపణే గుర్తు చేసుకుంటున్నది' అని రాసేవారు ఈ సంగతి మరుస్తున్నారు.

రాఫ్ సింఫనీల చరిత్ర ఇంకా విచిత్రమైనది. హాంకాంగ్‌లో స్థిరపడిన క్లాస్ హైమన్ అనే జర్మన్ వ్యాపారి 1982లో మార్కో పోలో అనే కంపెనీ పెట్టాడు. ఎవరూ రికార్డు చేయని రచనలే దాని సరుకు. వాయించేవాళ్ళను ఎక్కడ పట్టాడు? చెకోస్లొవేకియాలో. రాఫ్ సింఫనీలు స్లొవాక్ ప్రాంతపు కోషిత్సె నగరంలోని ప్రభుత్వ వాద్యబృందంతో వాయించబడ్డాయి. ఉక్కు కార్మికుల నగరంలో కూడా వంద మంది వాద్యగాళ్ళను పోషించడం తన బాధ్యత అనుకున్న సోషలిస్టు ప్రభుత్వం ఆ బృందాలను తయారు చేసింది. ఆ శిక్షణ ఫలితాన్ని తక్కువ కూలికి వాడుకున్నది హాంకాంగ్ పెట్టుబడి. 1987లో అదే యజమాని పెట్టిన నాక్సోస్ కంపెనీలో వాద్యగాళ్ళకు ఒక్కసారి ఇచ్చే రుసుమే గాని అమ్మకాల మీద వాటా లేదు. దీన్ని దోపిడీ అంటే కాదనను. కాని ఆ చవక రికార్డుల వల్లనే మనబోటి అధ్యాపకులు, విద్యార్థులు రాఫ్‌ను వినగలిగారన్నదీ దాచలేను. వైరుధ్యం సిద్ధాంత గ్రంథాలలోనే కాదు, డిస్కు అట్ట మీద కూడా వుంటుంది.

హైపీరియన్ అనే ఇంగ్లీషు కంపెనీ కథ కొంచెం వేరు. 1980లో దాన్ని పెట్టిన టెడ్ పెర్రీ రాత్రిళ్ళు అద్దెకారు నడిపి ఖర్చులు సర్దుకున్నవాడు. 1991లో ఆ కంపెనీ కాల్పనిక యుగపు పియానో కంచెర్టోలను వరస సంపుటాలుగా తీయడం మొదలుపెట్టింది. మొదటి దానిలో మోష్కోవ్‌స్కీ, పదెరెవ్‌స్కీ రచనలు. అవి ఎనభై దాటాయి. ఎంతో మంచి పని. ఐతే ఇదే కంపెనీ మీద లయొనెల్ సాకిన్స్ అనే పండితుడు దావా వేశాడు. అతడు పరిష్కరించిన సంగీతం అంతకు ముందరి శతాబ్దాలది, లలాంద్ అనే ఫ్రెంచి రచయితది. వివాదం మాత్రం మన విషయానికి అతి ముఖ్యమైనది. శిథిలమైన వ్రాతప్రతిని సరిచూసి, తప్పులు దిద్ది, లోపాలు పూరించి, వాయించదగిన ప్రతిని తయారు చేసిన మనిషికి అందులో రచనా హక్కు వున్నదా లేదా? రచయిత ఎప్పుడో పోయాడు, సంగీతం ఆయనది, నీకేమిటి హక్కు అన్నది కంపెనీ. 2004లో కింది కోర్టు, 2005లో అప్పీలు కోర్టు పండితుడి పక్షానే తీర్పు చెప్పాయి. ఆ ఖర్చులతో కంపెనీ దాదాపు కుంగిపోయింది. చిన్న కంపెనీ మీద మనకు సానుభూతి కలగడం సహజం. కాని ఓల్డెన్‌బుర్గ్ పండితురాళ్ళ శ్రమను తలచుకుంటే, వ్రాతప్రతి ముందు ఏళ్ళ తరబడి కూర్చున్న మనిషి చేసింది పని కాదని ఎట్లా అనగలం? ఆ పని లేకపోతే వాయించడానికి ఏమీ వుండదు. 2023లో హైపీరియన్‌ను యూనివర్సల్ అనే మహాకంపెనీ కొనివేసింది.

ఆ మహాకంపెనీల చేతిలో పడిన తరువాత ఈ సంగీతం ఏమౌతుందన్నది అసలు ప్రశ్న. ఇప్పుడు స్త్రీ రచయితల పేరుతో ఒక ప్రత్యేకమైన అర తయారైంది. మార్చి 8 వస్తే ఆ అర దుమ్ము దులుపుతారు, తక్కిన రోజులలో యథాప్రకారం బీథోవెన్, బ్రాహ్మ్స్. ఒక సింఫనీ నిజంగా చరిత్రలోకి తిరిగి రావాలంటే మామూలు కచేరీలో, మామూలు రోజున, మామూలు టిక్కెట్టుకు వాయించబడాలి. పది బృందాలు పది రకాలుగా వాయించాలి. ఒకరు వాయించింది బాగాలేదని మరొకరు పోట్లాడాలి. బీథోవెన్‌కు ఆ భాగ్యం వున్నది. ఫరాంక్‌కు ఇప్పుడిప్పుడే కొంచెం దక్కుతున్నది. మాయర్‌కు కొన్ని రికార్డులే వున్నాయి. అవి బాగాలేకపోతే ఆమే బాగాలేదనుకుంటారు.

ఫరాంక్ జీవితంలో నేను ఇంతవరకు చెప్పని పని ఒకటి వున్నది. ఆమె, ఆమె భర్త కలిసి 1861లో 'పియానో విద్వాంసుల నిధి' అనే అర్థం వచ్చే పేరుతో ఒక సంపుటావళి మొదలుపెట్టారు. అంతకు ముందరి మూడు వందల సంవత్సరాలలో మరుగుపడిన కీబోర్డు వాద్య రచనలను పాత ప్రతుల నుంచి ఏరి, పరిష్కరించి, అచ్చు వేయడం ఆ పని. ఆమె శిష్యురాళ్ళు ఆ పాత రచనలను కచేరీలలో వాయించేవారు. 1865లో భర్త చనిపోయాడు. ఆమె ఒంటరిగా కొనసాగించి, ఇరవై మూడు సంపుటాలు పూర్తి చేసింది. చివరిది 1874లో వచ్చింది. తన మూడు సింఫనీలు అప్పటికి ఇంకా వ్రాతప్రతులుగానే వున్నాయి.